పర్లాకిమిడి పంతులుగారు

ఖరగ్‌పూరు నుండి వాల్తేరునకు పోవు రైలుమార్గమున నౌపడా యను జంక్షను కలదు. అచ్చట నుండి యొక చిన్న శాఖామార్గము కొండల వైపునకు చీలిపోవును. పర్లాకిమిడి రాజావారు తమ పట్టణమును పెద్దలైనుతో కలుపుటకై నిర్మింపించిన యీ నేరోగేజి మార్గము 1900లో ఆరంభమైనది. పిదప గుణుపురము వరకు పొడిగింపబడి, నూరేండ్లకు పైగా నేరోగేజిగానే నడచి, యిరువదియొకటవ శతాబ్దమున బ్రాడ్‌గేజిగా మారినది. ఈ మార్గము పోవు పర్లాకిమిడిలో ఒక ఉపాధ్యాయుడు 31 సంవత్సరములు పాఠములు చెప్పి, 1911లో ఉద్యోగవిరమణ చేసెను. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. తెలుగుజాతి యాయనను నేడు స్మరించుచున్నది ముఖ్యముగా ఉద్యోగము విడిచిన పిదప ఆయన చేసిన పనిని బట్టియే.

బెంగాలు నాగపూరు రైల్వే కాలము నుండి ఖరగ్‌పూరునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కు నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాలకు చెందినవి. పంతులుగారు పుట్టి పెరిగినదియు ఆ సీమయే. ఆ సీమ పల్లెల మాటతీరు పుస్తకముల భాషకు దూరమైనదని చిన్నచూపునకు గురియైన రోజులలో, ప్రజల నోటిలోని మాటకు గౌరవము సంపాదించిపెట్టుటకు జీవితము ధారవోసిన మహనీయుడాయన. అందుచే ఖరగ్‌పూరు తెలుగువారికి పంతులుగారు స్వజనులలో పెద్దవంటివారు.

బాల్యము, విద్య

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన వంశధారానదీ తీరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి చిన్న ఉద్యోగి. ఆయన చోడవరమునకు బదిలీయై వెళ్లిన కొంతకాలమునకు, 1875లో, జ్వరముచే మరణించిరి. అప్పటికి బాలునకు పండ్రెండేండ్లు. ఇంటి పెద్ద పోయిన పిదప చదువు సాగుట యెట్లన్న ప్రశ్న ఆ కాలమున ఎన్నియో కుటుంబములలో చదువునకే ముగింపు పలుకుచుండెను. రామమూర్తిగారికి మాత్రము విజయనగరమున మేనమామ యింట ఆశ్రయము దొరకెను. అచ్చటి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు ఆ పాఠశాలలో వారికి సహాధ్యాయి. అచ్చట కుదిరిన స్నేహము ఇరువురి జీవితములను మాత్రమే గాక తెలుగు సాహిత్యపు త్రోవను కూడ మార్చినది.

1879లో మెట్రిక్యులేషను పరీక్ష నెగ్గిరి. ఆ యేడే వివాహమయ్యెను. కళాశాలకు పోవుటకు స్తోమత లేకపోయెను. మరుసటి యేట, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారము పిల్లలకు చెప్పు ఉపాధ్యాయ పదవి లభించెను. నెలకు ముప్పది రూపాయల జీతము. పగలు బడిలో పాఠములు చెప్పుచు, తక్కిన వేళల స్వయముగా చదువుకొని, కొన్నేండ్లకు పట్టభద్రులైరి. చరిత్ర వారి ప్రధాన పాఠ్యవిషయము. కాలక్రమమున ఆ పాఠశాల కళాశాలగా పెరుగగా, వారు కళాశాలలో చరిత్ర బోధించు స్థానమునకు వచ్చిరి.

చరిత్రను పుస్తకమునందున్నంత మట్టుకే చెప్పి ఊరకుండుట వారి స్వభావము గాదు. పుట్టిన యూరి దాపుననే శ్రీముఖలింగ దేవాలయపు గోడల నిండ శాసనములుండెను. వానిని చదువగలవారు ఆ ప్రాంతమున అరుదు. పంతులుగారు ఇంగ్లీషు గ్రంథముల సాయమున ప్రాచీన లిపులను ఒంటరిగా నేర్చుకొని, ఆ శాసనములను చదివి, తూర్పు గాంగరాజుల రాజధానియగు కలింగనగరము ముఖలింగమేనని ప్రతిపాదించుచు వ్యాసములు వ్రాసిరి. కంటికెదురుగా నున్న సాక్ష్యమును పరీక్షింపక పూర్వులు చెప్పిరన్న కారణముచే దేనిని అంగీకరింపరాదన్న నియమము వారికి ఈ శాసనముల యొద్దనే అలవడినదని చెప్పవచ్చును. ఆ నియమమే తరువాత భాషావాదములలో వారికి ఆయుధమైనది.

సవరల బడి

పర్లాకిమిడికి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని ఒడియాకుగాని చెందినది కాదు. అది ముండా కుటుంబపు భాష. సంతలకు దిగివచ్చిన సవరలు తెలుగు వ్యాపారుల చేతను, చిన్న ఉద్యోగుల చేతను మోసపోవుట పట్టణమువారికి నిత్యము కనబడు విషయమే. పంతులుగారు దానికి కారణమేమని యోచించిరి. చదువు లేకపోవుట యొక కారణము; చదువు చెప్పదలచినవానికి వారి భాష రాకపోవుట అంతకంటె పెద్ద కారణము.

తెలుగును సవరయు రెండును తెలిసిన యొకనిని ఇంట నుంచుకొని వారు సవర భాష నేర్వనారంభించిరి. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. విన్న ప్రతి మాటను, ప్రతి ధ్వనిని వ్రాసికొనుచు, కొండలెక్కి గూడెములకు పోయి, పాటలను కథలను సేకరించిరి. తరువాత సవరలో వాచకములు వ్రాసి, సొంత డబ్బు వెచ్చించి బడులు పెట్టించి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించిరి. చిరు జీతముతో సంసారము నడుపుకొను ఉపాధ్యాయుడు పరుల పిల్లల బడికి జేబునుండి ఖర్చు పెట్టుట యెంతటి మాటయో ఉద్యోగస్థులకు వేరుగ చెప్పవలసిన పనిలేదు. మద్రాసు ప్రభుత్వమువారు ఈ కృషిని విని పారితోషిక మిచ్చుటకు సిద్ధపడగా, తమకు ధనము వలదనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టింపవలసినదనియు వారు కోరిరి.

ఆ సేవకు శరీరము మూల్యము చెల్లించినది. మన్యపు దోమలు మలేరియాను తెచ్చిపెట్టగా, జ్వరము తగ్గుటకు క్వినైను పుచ్చుకొనవలసి వచ్చెను. మందు జ్వరమును తగ్గించినదిగాని వినికిడిని చెడగొట్టినది. ధ్వనులను పట్టుకొనుటయే వ్రతముగా నున్న మనిషికి చెవుడు వచ్చుట కంటె క్రూరమైన విధి వేరొకటి యుండదు. అయినను వారు పని మానలేదు. సవర భాషకు వారు వ్రాసిన ఇంగ్లీషు వ్యాకరణము 1931లో మద్రాసున వెలువడినది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చెను. అప్పటికి పంతులుగారికి డెబ్బదియైదేండ్లు. యౌవనమున పట్టిన పని వార్ధక్యమున పూర్తియైనది. కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు కూడ సవరల సేవలోను, తెలుగు విద్యాసేవలోను తండ్రి మార్గమునే నడచిరి.

ఒక ప్రశ్న

సవర పిల్లవానికి సవరలో చెప్పినచో చదువు సులభముగ పట్టుబడుననుట పంతులుగారు స్వయముగ చూచిన సత్యము. మరి తెలుగు పిల్లవాని సంగతి యేమి? వాడు ఇంట మాటలాడు తెలుగు వేరు. బడిలో వ్రాయవలసిన తెలుగు వేరు. చిన్నయసూరిగారు నీతిచంద్రికలోను, బాలవ్యాకరణములోను స్థిరపరచిన పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున బడులన్నింట ప్రమాణమయ్యెను. పిల్లవాడు వచ్చాడని పలికి వచ్చెనని వ్రాయవలెను. చేస్తున్నాడని పలికి చేయుచున్నాడని వ్రాయవలెను. అర్ధానుస్వారము, ద్రుతము, కళలు, సరళాదేశము మున్నగువాని చిక్కులలో పడి, చెప్పదలచిన విషయము మరచిపోవుటయు జరుగుచుండెను.

1906-07 ప్రాంతమున ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీ అధికారిగా జె. ఏ. యేట్సు దొరగారు వచ్చిరి. తాను పుస్తకములలో నేర్చుకొన్న తెలుగు ఒకటియు, జనులు మాటలాడు తెలుగు మరియొకటియు అగుట యేలనని ఆయనకు సందేహము కలిగెను. ఆ సందేహమును తీర్చువారిని వెదకగా గురజాడవారును, గిడుగువారును ఆయనకు తోడైరి. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులుగా నున్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు కూడ వారితో కలిసిరి. ఆధునిక వ్యావహారిక భాషోద్యమమునకు అది నాంది.

పంతులుగారి వాదమును గూర్చి నాడును నేడును ఒక అపోహ కలదు. ఆయన కావ్యభాషను ద్వేషించెనని కొందరనుకొందురు. అది నిజము గాదు. నన్నయ మొదలుకొని ప్రబంధకవుల వరకు ఆయన చదివినంతగా చదివినవారు ప్రతిపక్షమున కొందరే యుండిరి. పూర్వకావ్యములను వాని భాషలోనే చదివి ఆనందింపవలెనని ఆయన మతము. బడిపిల్లలు వ్రాయు వ్యాసములకు, వార్తాపత్రికలకు, శాస్త్రవిషయములకు మాత్రము శిష్టులు నిత్యము మాటలాడుకొను భాషయే తగినదని ఆయన వాదించెను. ప్రాచీన శాసనములనుండియు, తాళపత్రములనుండియు, వచనగ్రంథములనుండియు ఉదాహరణములు చూపి, వాడుక రూపములు నిన్న మొన్న పుట్టినవి కావని నిరూపించెను. గ్రాంథికమే వ్రాయవలెనని శాసించు పండితులు తమ పుస్తకములలో చేసిన వ్యాకరణదోషములను ఏరి పట్టికలుగా ప్రకటించెను. పండితులకే పట్టుబడని భాషను పదేండ్ల పిల్లవానిపై రుద్దుట న్యాయమా యన్నది ఆ పట్టికలన్నిటి సారాంశము.

ఉద్యోగవిరమణ తరువాత

1911లో పంతులుగారు ఉద్యోగమును విడిచిరి. అప్పటికి 48 ఏండ్లు. సామాన్యముగా నైనచో కొంత భూమి చూచుకొని, మనుమలను ఆడించుకొని, సాయంకాలము పురాణము వినుచు కాలము గడుపవలసిన దశ. పంతులుగారికి మాత్రము విరామమన్నది పని చేయుటకు దొరకిన తీరికగా కనబడెను. తరువాతి 28 ఏండ్లకు పైగా సాగిన జీవితమే వారి అసలు ఉద్యోగమనవచ్చును. జీతము లేదు, పై అధికారి లేడు, సెలవు లేదు.

ఆ యేడే జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసి, గ్రాంథికభాషకు కోట యయ్యెను. తరువాతి సంవత్సరములలో పరీక్షలలో విద్యార్థులు తమకు నచ్చిన శైలిలో వ్యాసము వ్రాయవచ్చునను అవకాశము కొలదికాలము కలిగెను. పండితులు పెద్ద ఆందోళన చేసిరి. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. అయినను ఫలితము దక్కలేదు. విద్యార్థులకు కలిగిన అవకాశము పోయెను. 1915 నవంబరు 30న గురజాడవారు స్వర్గస్థులైరి. చిన్ననాటి స్నేహితుడు పోయెను. చేతికందిన విజయము జారిపోయెను. చెవి సరిగా వినబడదు. చేత అధికారము లేదు. మరియొకరైనచో ఇంతటితో చాలునని కూర్చుండెడివారు.

పంతులుగారు ఊరూర తిరుగుట కారంభించిరి. పుస్తకముల మూటలతో సభలకు పోయి, ప్రమాణములను పుటలు తిప్పి చూపుచు గంటల తరబడి ఉపన్యసించుచుండిరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానికి అధ్యక్షులైరి, రామమూర్తిగారు కార్యదర్శి. గ్రాంథికమున వచనరచనకు పేరుగాంచిన వీరేశలింగము పంతులుగారు తమ డెబ్బదియేండ్ల వయసున ఈ పక్షమునకు వచ్చుట ఉద్యమమునకు గొప్ప బలము. కాని మూడు నెలలు తిరుగకముందే, మే 27న, ఆయన కాలధర్మము చెందిరి. రామమూర్తిగారు మరల ఒంటరివారైరి. తెలుగు అను పేరుతో ఒక మాసపత్రికను కూడ నడిపిరి. అది ఏడాది పాటు మాత్రమే సాగెను.

1925లో తణుకున జరిగిన పరిషత్సభలో వారు నాలుగు గంటల సేపు ప్రసంగించిరి. ప్రతిపక్షమునకు నెలవైన వేదికమీదనే ఈ ప్రసంగము సాగెను. ప్రతిపక్షపు పట్టుదల సడలుట ఆ కాలముననే ఆరంభమైనదని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. యువకవులు, కథకులు ఒకరొకరుగా వాడుకభాషను చేపట్టిరి. పర్లాకిమిడిలో వారివద్ద చదువుకొన్న తాపీ ధర్మారావుగారి చరిత్ర ఇచ్చట స్మరింపదగినది. గురువుగారి వాదమును మొదట ఎదిరించిన ఆ శిష్యుడే, తరువాత అందలి సత్యమును గ్రహించి, జనవాణి పత్రికను వ్యావహారికమున నడిపెను. శిష్యుడు బెదరి లోబడుట గాక, ఎదిరించి, యోచించి, ఒప్పుకొనుట ఉపాధ్యాయునకు దక్కు గౌరవములలో ఉత్తమమైనది.

1933లో పంతులుగారి సప్తతి మహోత్సవము రాజమహేంద్రవరమున జరిగెను. ప్రభుత్వమువారు కైజరు-ఇ-హిందు పతకము నిచ్చిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సన్మానించెను. ఒకనాడు విశ్వవిద్యాలయపు గడపలో ఓడిపోయిన వాదమునకు కర్తయైనవానిని మరియొక విశ్వవిద్యాలయము పిలిచి పూజించుట కాలము తెచ్చిన న్యాయము.

ఊరు విడిచిపోవుట

ఈ గౌరవముల నడుమ ఒక గాయము కలదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడెను. పర్లాకిమిడి పట్టణమును, జమీందారీలో కొంతభాగమును ఆ రాష్ట్రమున చేరెను. అచ్చటి తెలుగువారి పక్షమున పంతులుగారు అంతకుముందు గట్టిగా వాదించిరి. ఆ వాదము నెగ్గలేదు. అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరిని, పాఠములు చెప్పిన వీధులను, ఎక్కి దిగిన కొండలను విడిచి, డెబ్బదిరెండేండ్ల వయసున వారు రాజమహేంద్రవరమునకు చేరిరి.

ఆ పట్టుదలను నేడు తూచుట సులభము గాదు. పర్లాకిమిడిలో తెలుగువారును ఒడియావారును తరతరములుగా కలిసి జీవించిరి. నేటికిని గజపతి జిల్లాలో అట్లే జీవించుచున్నారు. పంతులుగారికి ఒడియావారిపై ద్వేషము లేదు. తెలుగు పిల్లలకు తెలుగు బడి దూరమగునేమోయన్న భయమే వారిని ఊరు దాటించినది. సవర బాలుని విషయమున ఏ న్యాయము పలికిరో, తన వారి విషయమునను ఆ న్యాయమే పలికిరి. సొంతయూరిలో ఉండుట కంటె ఆ న్యాయమునే వారు పెద్దగా నెంచిరి.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికలవారిని కలిసికొని, ప్రజలకు అర్థమగు భాషలో వ్రాయవలసినదని చివరిసారిగా అర్థించిరి. వారము దినములకు, జనవరి 22న, మద్రాసులోనే కన్నుమూసిరి. వయసు 76 దాటినది. తుది వారము వరకు చేతనున్న పని మారలేదు.

మిగిలిన సంపద

వారు కోరినది వారి కన్నుల యెదుట పూర్తిగా నెరవేరలేదు. పత్రికలు, కథలు, నవలలు ముందుగా మారినవి. పాఠ్యపుస్తకములును, విశ్వవిద్యాలయములును మారుటకు వారు పోయిన పిదప మూడు దశాబ్దములు పట్టినవి. నేడు తెలుగు దినపత్రికను విప్పి చదువు ప్రతివాడును, తెలియకయే, పర్లాకిమిడి పంతులుగారికి ఋణపడియున్నాడు. వారి జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుట ఆ ఋణమున కొంత తీర్చుకొనుటయే.

ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణమున ఈ జీవితమునకు విశేషమైన అర్థము కలదు. ఇచ్చట తెలుగు పిల్లవాడు ఇంట ఒక భాష, వీధిలో రెండు భాషలు, బడిలో మరియొక భాష వినుచు పెరుగును. బంగాళీ, హిందీ, ఒడియా, ఇంగ్లీషు అన్నియు వానికి బ్రతుకుతెరువులే; వానిని నేర్చుట మేలే. అయితే తన యింట అవ్వ పలుకు శ్రీకాకుళపు మాటను పిల్లవాడు చులకనగా చూచిన నాడు, తండ్రి షాపునుండి వచ్చి సంపాదించిపెట్టిన దేదియు ఆ లోటును పూడ్పజాలదు. పుస్తకము తప్పనెడు మాటను కూడ పంతులుగారు చెవియొగ్గి విని, వ్రాసికొని, దానికి ప్రమాణము వెదకిరి. కొండవాని భాషకు నిఘంటువు వ్రాసిన చేతులవి.

ఉద్యోగమునుండి విరమించువారికిని ఆ జీవితమున ఒక పాఠము కలదు. పర్లాకిమిడి కళాశాల రికార్డులో రామమూర్తి పంతులుగారి ఉద్యోగము 1911తో ముగిసినది. తెలుగుబడిలో వారి హాజరు నేటికిని పడుచునే యున్నది. పింఛను పుచ్చుకొను నాడు చేతిలో మిగిలిన తీరికను, తల మీద పండిన అనుభవమును ఏ పిల్లల కొరకు వినియోగింతుమన్నది ఎవరికి వారు నిశ్చయించుకొనవలసిన విషయము. వాడలో నలుగురు తెలుగు పిల్లలను సాయంకాలము కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించు విశ్రాంత ఉద్యోగి ఎవ్వరైనను, ఎంత చిన్న మేరకైనను, ఆ పంతులుగారి ఉద్యోగమునే కొనసాగించుచున్నట్లు.